పెండలం ఎవరి పంట? ఆఫ్రికా నవలల్లో ఆడ, మగ పాత్రలను చదివే పద్ధతి

డిగ్రీ, పీజీ పరీక్షల్లో ఆఫ్రికా నవల మీద ప్రశ్న పడితే జవాబులు ఎక్కువగా ఒకే బాటన పోతాయి. భర్త పెత్తనం చేస్తాడు, భార్య భరిస్తుంది, కూతురు చదువుకుని ఎదురు తిరుగుతుంది. పేర్లు మార్చితే ఇదే జవాబు ఏ నవలకైనా సరిపోతుంది. దాని లోపమే అది. హనుమకొండలోనో జగిత్యాలలోనో నలుగురు కూడి ఈ పుస్తకాలు చదువుదామనుకున్నా ఇదే చిక్కు. "అక్కడ కూడా ఇట్లనే ఉందన్నమాట" అన్న దగ్గర చర్చ ఆగిపోతుంది.

పాత్రల మాటల కంటే ముందు వాళ్ల పనిని చదవాలి. ఏ పంట ఎవరిది? సంపాదన ఎవరి చేతిలో ఆగుతుంది? పుట్టిన బిడ్డ ఎవరి వంశం కింద లెక్క? తగాదా వస్తే తీర్పు చెప్పడానికి ఎవరు కూర్చుంటారు? ఆఫ్రికా రచయితలు, అందులోనూ రచయిత్రులు, ఆడ మగ తేడాను ఈ నాలుగు చోట్ల ఎంతో వివరంగా రాశారు. పల్లె బతుకు, పొలం పని తెలిసిన మన పాఠకులు వీటిని త్వరగా పట్టుకోగలరు. ఆ బలాన్ని వాడుకోకుండా విమర్శ పుస్తకాల్లోని పడికట్టు మాటల వెంట పోవడమే బాధ కలిగిస్తుంది.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో తెచ్చిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నుంచే మొదలుపెడదాం. అక్కడి ఇగ్బో తెగ ఊళ్లో పెండలం మగవాడి పంట. చామగడ్డ, చిక్కుడు, కర్రపెండలం ఆడవాళ్ల పంటలు. మగవాడి పరపతిని అతని కొట్టంలో కట్టిన పెండలాలతో కొలుస్తారు. నవల నాయకుడు ఒకొంక్వోకు తండ్రి నుంచి కొట్టం రాలేదు, విత్తనం రాలేదు. న్వకిబియె అనే పెద్ద రైతు దగ్గర ఎనిమిది వందల విత్తనపు గడ్డలు అడిగి తెచ్చుకుని పాలుకు చేస్తాడు. ఆ పద్ధతిలో చేసినవాడికి మిగిలేది పంటలో మూడో వంతే. ఇంతవరకు అందరూ రాస్తారు. ఆ తర్వాతి అధ్యాయంలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని చాలామంది దాటిపోతారు. పెండలం చేనుకు లెక్క ప్రకారం మూడుసార్లు కలుపు తీసేది ఆడవాళ్లే. మట్టి కుప్పల మధ్య మక్క, చిక్కుడు, పుచ్చ పెట్టేదీ వాళ్లే. పేరు మగవాడిది, కలుపు ఆడవాళ్లది. మన పత్తి చేనులో ఏరేది ఎవరో, ఏనుమాముల మార్కెట్లో అడ్తిదారు ముందు నిలబడి తక్ పట్టీ (అమ్మకం చీటీ) తీసుకునేది ఎవరో తెలిసిన పాఠకుడికి ఈ చోటు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇదే నవలలో శిక్షల లెక్క కూడా చూడాలి. నాట్లకు ముందు ఎవరూ ఎవరినీ పరుషంగా ఒక మాట కూడా అనకూడని శాంతి వారంలో ఒకొంక్వో చిన్న భార్య ఒజియుగోను కొడతాడు. భూదేవత పూజారి వచ్చి ఒక ఆడమేక, ఒక కోడిపెట్ట, ఒక గుడ్డ, వంద గవ్వలు తప్పు కట్టిస్తాడు. "చూశారా, భార్యను కొడితే శిక్ష ఉంది" అని కొందరు రాస్తారు. ఆ తప్పు కొట్టినందుకు కాదు, ఆ వారంలో కొట్టినందుకు. కొన్ని నెలల తర్వాత రెండో భార్య ఎక్వెఫీ మీద తుపాకీ పేల్చినప్పుడు ఏ పూజారీ రాడు. మరో చోట ఉజోవులు అనేవాడు భార్యను కొట్టీ కొట్టీ చంపేటట్టుంటే ఆమె అన్నదమ్ములు వచ్చి తీసుకుపోతారు. ఆ తగాదాను పూర్వీకుల ముసుగులు వేసుకున్న పెద్దలు విని తీర్పు చెబుతారు: కల్లుకుండ పట్టుకుని అత్తగారింటికి పోయి, భార్యను బతిమాలి తెచ్చుకోవాలి. ఆ తీర్పు ఆమె అన్నదమ్ముల మీద కూడా పడుతుంది, అతను కుండతో వస్తే ఆమెను పంపాలి. ఆమె మాట మాత్రం ఆ పంచాయతీలో ఎక్కడా వినపడదు. ఈ మూడు సంఘటనలు పక్కపక్కన పెట్టి చదివితే అచెబె తన ఊరిని వెనకేసుకు రాలేదని, నిందించనూ లేదని తెలుస్తుంది. ఏ తప్పుకు ఏ వెల అన్నది పొల్లు పోకుండా రాసిపెట్టాడు.

మన పాఠకులు ఎక్కువగా తడబడేది పెళ్లి డబ్బు దగ్గర. ఇంగ్లీషు పుస్తకంలో పెళ్లి, డబ్బు, బేరం కనపడగానే కట్నం గుర్తొస్తుంది. ఈ నవలల్లో డబ్బు పోయేది మగపిల్లవాడి ఇంటి నుంచి ఆడపిల్ల పుట్టింటికి. మన దగ్గర కొన్ని కులాల్లో నిన్నమొన్నటి దాకా ఉన్న ఓలి లాంటిది. దీని వల్ల కథ మలుపులు మారతాయి. ఓలి చెల్లించాకే పుట్టిన పిల్లలు తండ్రి వంశానికి చెందుతారు. భార్య వదిలేసి పోతే ఆ సొమ్ము తిరిగి ఇచ్చే భారం పుట్టింటి మీద పడుతుంది, కాబట్టి పుట్టింటివాళ్లు కూతుర్ని వెనక్కి పంపడానికే చూస్తారు. ఫ్లోరా న్వాపా 1966లో తెచ్చిన 'ఎఫురు'లో నాయిక ఓలి కట్టలేని అదిజువాతో తనంతట తానే వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇద్దరూ కష్టపడి ఆ సొమ్ము కట్టేస్తారు. వ్యాపారంలో చెయ్యి తిరిగింది ఆమెకే, అతనికి కాదు. తన ఓలిలో తన కష్టమే కలిసిన మనిషిని కొనుక్కొచ్చిన భార్య అనగలమా, నిలబడ్డ ఇల్లాలు అనగలమా అన్నది చర్చకు పెట్టదగ్గ ప్రశ్న. నా మట్టుకు రెండో మాటే దగ్గర.

ఇంకో సంగతి ఓరుగల్లువాళ్లకు వెంటనే అందుతుంది. ఇగ్బో సమాజంలో కొడుకు స్థానం కూతురికి ఇచ్చే పద్ధతి ఉండేది. ఇఫి అమాడియుమె 1987లో అచ్చయిన పరిశోధన గ్రంథంలో న్నోబి అనే ఊరి గురించి దీన్ని వివరంగా రాసింది. కొడుకులు లేని తండ్రి కూతుర్ని కొడుకుగా నిలబెట్టి భూమి ఇవ్వవచ్చు. స్తోమత ఉన్న ఆడమనిషి ఓలి కట్టి ఇంకో స్త్రీని భార్యగా తెచ్చుకోవచ్చు. ఆమె కన్న పిల్లలు ఈ ఆడభర్త పేరున లెక్క. 13వ శతాబ్దంలో రుద్రమ రుద్రదేవ మహారాజు పేరుతో శాసనాలకెక్కిన నేల మీద ఉన్నవాళ్లకు ఇది వింతగా తోచాల్సిన పని లేదు. స్థానం మగవాడిదే, అందులో కూర్చున్నది స్త్రీ. అయితే దీన్నిబట్టి పాతకాలంలో సమానత్వం ఉండేదని, తెల్లవాళ్లు వచ్చాకే చెడిందని తేల్చేయకూడదు. బుచి ఎమెచెటా 1979 నాటి 'ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్'లో ఓనా అలా కొడుకు స్థానంలో నిలబెట్టిన కూతురే. ఆమెకు పెళ్లి చేసుకునే వీల్లేదు. మగపిల్లవాడు పుడితే తన తండ్రి వంశానికి, ఆడపిల్ల పుడితే ఆమె ప్రియుడు అగ్బాడికి. ఆమె గౌరవం అంతా తండ్రి ఇంటికి వారసుణ్ని కనివ్వడం కోసమే.

ఆ ఓనా కూతురే న్ను ఎగో. ఈ నవల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

న్ను ఎగో పల్లె నుంచి నైజీరియా మహానగరం లాగోస్ వస్తుంది. భర్త న్నైఫె ఒక తెల్ల దంపతుల ఇంట్లో బట్టలు ఉతుకుతాడు. ఆడమనిషి లోపలి బట్టలు ఉతికేవాడు మగవాడెట్లా అవుతాడని ఆమెకు రోత. మగతనానికి ఊళ్లో ఉన్న కొలతలు, అంటే పెండలం కొట్టం, కుస్తీ, వేట, లాగోస్‌లో ఏవీ లేవు. జీతం ఉంది, అది చాలదు. సిరిసిల్ల మగ్గం వదిలి భీవండి పవర్‌లూమ్ షెడ్డుకు పోయిన మగవాళ్ల ఇళ్లు, ఇక్కడ బీడీలు చుట్టి ఆ ఇళ్లు నడిపిన ఆడవాళ్ల చేతులు తెలిసినవాళ్లు ఈ అధ్యాయాలను నెమ్మదిగా చదవాలి. న్ను ఎగో సిగరెట్లు, అగ్గిపెట్టెలు అమ్ముతుంది, కట్టెలు అమ్ముతుంది. న్నైఫె అన్న చనిపోతే ఆచారం ప్రకారం అతని భార్య అదాకు వీళ్ల ఇంటికి వస్తుంది. ఊళ్లో అయితే ఒక్కో భార్యకు ఒక్కో గుడిసె, ఒక్కో పొయ్యి ఉంటుంది. ఇక్కడ ఒకే గది, మధ్యలో తెర. సవతుల పోరును టీవీ సీరియల్ అసూయగా చదివేవాళ్లు ఈ గది కొలతను మర్చిపోతారు. అచెబె నవలలో ఒజియుగో వంటకు ఇంటికి రాకపోతే పెద్ద భార్య ఆమెను కాపాడటానికి భర్తతో అబద్ధమాడుతుంది. గుడిసెలు వేరుగా ఉన్నచోట అలాంటి పొత్తుకు వీలుంది. అద్దె గదిలో అది విరిగిపోతుంది.

తిండి ఖర్చుకు డబ్బు పెంచమని ఆ ఇద్దరూ కలిసి వంట మానేస్తారు కూడా. సమ్మె నిలవదు, న్ను ఎగో వెనక్కి తగ్గుతుంది. ఆ తర్వాత ఇద్దరి మధ్య గొడవ వస్తే, కొడుకులను కన్న తల్లి అని పెద్దమనుషులు ఆమె పక్షమే మాట్లాడతారు. అదాకు ఇద్దరు కూతుళ్లను తీసుకుని బయటపడి, బట్టల వ్యాపారం పెట్టుకుని, వాళ్లను చదివిస్తుంది. ఊరు ఆమెకు చెడ్డ పేరు పెట్టింది. నవలలో సుఖపడింది మాత్రం ఆమే.

అన్నిటికంటే ముఖ్యమైన సీను కోర్టులో ఉంది. న్నైఫె కత్తి పట్టుకుని దాడి చేసిన కేసులో న్ను ఎగో సాక్ష్యం చెబుతుంది. పిల్లల ఫీజులు ఎవరు కడతారని వకీలు అడుగుతాడు. భర్తే కడతాడంటుంది. డబ్బు ఎక్కడిదని తవ్వితే తన అమ్మకం డబ్బే. ఇంటికి పెద్ద ఆయన, నేనూ ఆయనదాన్నే, కాబట్టి నేను కట్టినా ఆయన కట్టినట్టే అన్నది ఆమె లెక్క. కోర్టుకు ఆ లెక్క అర్థం కాదు. ఆమె మంచి చేద్దామని చెప్పిన మాట భర్తకే ఎదురు తిరుగుతుంది. సంపాదించే చెయ్యి ఒకరిది, ఖాతాలో పేరు ఇంకొకరిది అన్న తేడాను ఇంత చిన్న జాగాలో ఇంత స్పష్టంగా చూపించిన పేజీలు అరుదు.

ఈ నవల పేరుకు మూలం న్వాపా పుస్తకంలోనే ఉంది. ఎఫురు కొలిచే సరస్సు దేవత ఉహమిరి ఆడవాళ్లకు అందం, సిరి ఇస్తుంది, ఆమెకు మాత్రం బిడ్డలు లేరు. తల్లి అయ్యే ఆనందం ఎరుగని దేవతను ఆడవాళ్లు ఎందుకు కొలుస్తున్నారన్న ప్రశ్నతో న్వాపా నవల ముగుస్తుంది. ఎమెచెటా ఆ చివరి మాటలనే తన నవలకు పేరుగా పెట్టి, బిడ్డలు పుట్టిన ఆడమనిషికి ఏం దక్కిందో చూపించింది. కొడుకులు అమెరికాలో, కెనడాలో ఉంటే న్ను ఎగో దారి పక్కన ఒంటరిగా చనిపోతుంది. అందుకే ఈ రెండు నవలల్నీ వరసగా చదవాలి. మధ్యలో ఇంకో పుస్తకం దూరిస్తే ఈ సంభాషణ తెగిపోతుంది.

చదివేటప్పుడు ఒక నోటుబుక్కు పక్కన పెట్టుకుని పేజీని అయిదు నిలువు గళ్లుగా గీసుకోండి: పని, డబ్బు, బిడ్డ, మాట, చోటు. ప్రతి అధ్యాయానికి ప్రతి గడిలో ఒక్క వాక్యం చాలు, పేజీ నంబరుతో సహా. "మాట" గడిలో ఎవరు మాట్లాడారో, ఎవరు ఉండీ మాట్లాడలేదో రాయాలి. "చోటు" గడిలో ఎవరు ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ తిన్నారు, ఏ గది ఎవరిది. ఈ అయిదో గడి అక్కర్లేదని చాలామంది మొదట్లో వదిలేస్తారు, లాగోస్ గది దగ్గరకు వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. గళ్లలో "అణచివేత", "స్వేచ్ఛ" లాంటి మాటలు రాయకండి. జరిగింది రాయండి, తీర్పు చివర చెప్పుకోవచ్చు.

నగరపు నవలల్లోకి వచ్చేసరికి పంట స్థానంలో జీతం, కారు వస్తాయి. సెనెగల్ టీచరు మరియమ బా 1979లో ఫ్రెంచిలో రాసిన చిన్న నవల ఇంగ్లీషులో 'సో లాంగ్ ఎ లెటర్'గా దొరుకుతుంది. మరుసటి ఏడు, ఆఫ్రికాలో అచ్చయిన పుస్తకాలకు పెట్టిన నోమా అవార్డు మొట్టమొదట దానికే వచ్చింది. భర్త చనిపోయి ఇద్దత్‌లో (ముస్లిం వితంతువు ఇల్లు కదలకుండా ఉండే గడువులో) ఉన్న రమతులాయె, స్నేహితురాలు ఐసతూకు రాసే ఉత్తరం ఇది. పాతికేళ్ల కాపురం, పన్నెండు మంది పిల్లల తర్వాత భర్త తన కూతురి స్నేహితురాలినే రెండో పెళ్లి చేసుకున్నాడు. ఐసతూ అలాంటి స్థితిలోనే భర్తను వదిలి, చదువుకుని, అమెరికాలోని సెనెగల్ ఎంబసీలో ఉద్యోగంలో చేరింది. రమతులాయె వదలలేదు. ఇద్దరిలో ఎవరు సరి అని అడగడం తేలిక, అంత ఉపయోగం లేదు. కారు మీద కన్నేయండి. భర్త కార్లు కొత్త పెళ్లాం ఇంటికి పోతే రమతులాయె పిల్లలతో బస్సులెక్కుతుంది. ఐసతూ తన సంపాదనతో ఫియట్ కారు కొనిస్తే, డ్రైవింగ్ నేర్చుకుని నడుపుతుంది. ఘనా రచయిత్రి అమా అటా ఐడూ 1991 నవల 'చేంజెస్'లో ఒపోకుయా, ఆమె భర్త ఒకే కారు కోసం రోజూ పొద్దున వాదులాడతారు. నర్సు ఉద్యోగం, పిల్లలు, బజారు ఆమె మీద ఉన్నా కారు తాళం ఆయన దగ్గర. చివరికి స్నేహితురాలు ఎసి పాత కారు ఆమె చేతికి వస్తుంది. రెండు నవలల్లోనూ కారు వచ్చింది భర్త నుంచి కాదు, ఇంకో ఆడమనిషి నుంచి.

చదువు మీద రాసినవాటిలో జింబాబ్వే రచయిత్రి త్సిత్సి దంగరెంబ్గా 1988లో తెచ్చిన 'నర్వస్ కండిషన్స్' ముందు వరసలో ఉంటుంది. అన్న చనిపోయినందుకు తను బాధపడలేదని కథ చెప్పే తంబు మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. ఆ మాట వినగానే ఆమెను రాతిగుండెగా తేల్చేయకుండా లెక్క చూడండి. ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బుంది, అది కొడుక్కి. పుస్తకాలు వండి మొగుడికి పెడతావా అన్నది తండ్రి వాదన. తంబు తన కోసం చారెడు నేలలో మక్క వేస్తే, అన్న ఆ కంకులు దొంగిలించి స్నేహితులకు పంచుతాడు. అన్న పోయాకే మిషన్ బడిలో ఆ సీటు ఆమెకు వచ్చింది. అక్కడ పెద్దనాన్న బాబముకురు భార్య మైగురుకు భర్తతో సమానంగా మాస్టర్స్ డిగ్రీ ఉంది, జీతం ఉంది. ఆ జీతం ఎటు పోతుందో ఆమెకు చెప్పే పనే లేదు. ఒకసారి ఇల్లు వదిలి అన్న దగ్గరకు పోతుంది, అయిదు రోజులకు తిరిగొస్తుంది. చదువు వస్తే స్వేచ్ఛ వస్తుందన్న సూత్రం ఇక్కడే తప్పుతుంది. మైగురు చేతిలో డిగ్రీ ఉంది, "డబ్బు" గడి మాత్రం భర్తదే.

బిడ్డలు లేకపోతే లోపం ఆడదానిదే అన్న నమ్మకం మీద కొత్త తరం నైజీరియా రచయిత్రులు గట్టిగా రాశారు. లోలా షోనెయిన్ 2010 నవల, బాబా సెగి నలుగురు భార్యల కథ, అందుకు మంచి ఉదాహరణ. కథ గుట్టు ముందే చెప్పడం న్యాయం కాదు, ఇక్కడితో ఆపుతాను.

ఆడవాళ్లు గుంపుగా చేసిన పనిని కూడా విడిగా గుర్తించాలి, లేకపోతే ప్రతి నాయికా ఒంటరి వీరనారిలా కనిపిస్తుంది. 1929 చివర్లో తూర్పు నైజీరియాలో ఆడవాళ్ల మీద పన్ను వేస్తారన్న అనుమానంతో వేలమంది ఇగ్బో, పొరుగు తెగల స్త్రీలు తిరగబడ్డారు. సర్కారు కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. అది హఠాత్తుగా పుట్టింది కాదు. తప్పు చేసిన మగవాడి ఇంటి ముందు చేరి, పాటలు పాడి, రోకళ్లతో గోడలు బాది, దిగొచ్చేదాకా కదలకపోవడం అక్కడి ఆడవాళ్ల పాత ఆచారం. సెనెగల్ రచయిత ఉస్మాన్ సెంబెన్ 1960 నవల 'గాడ్స్ బిట్స్ ఆఫ్ వుడ్'లో 1947–48 రైల్వే సమ్మెకు మద్దతుగా థియెస్ నుంచి డకార్ దాకా ఆడవాళ్లు నడిచిపోతారు. పాలకుర్తి ఐలమ్మ భూమి పోరాటం విని పెరిగిన జిల్లాల్లో ఈ అధ్యాయాలు గట్టిగా పైకి చదివితే బాగుంటుంది.

నలుగురైదుగురు కలిసి చదివేటట్లయితే వరస ఇట్లా పెట్టుకోవచ్చు: అచెబె, న్వాపా, ఎమెచెటా, బా, దంగరెంబ్గా. వారానికి అరవై, డెబ్బై పేజీలు మించకూడదు. ఒక్కో నవలకు మూడు నాలుగు వారాలు పడుతుంది, బా పుస్తకానికి రెండు చాలు. మొదటి వారం ఎవరూ అభిప్రాయాలు చెప్పకుండా గళ్లు మాత్రమే చదివి వినిపించాలి. గుంపులో మగవాళ్లు ఎక్కువైతే చర్చ ఆడపాత్రల నడవడి మీదికి జారుతుంది. అప్పుడు మగపాత్రల మీదికి తిప్పండి. తండ్రిలా అయిపోతానేమోనన్న భయంతో బతికిన ఒకొంక్వో, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న న్నైఫె, అన్న డబ్బు మీద బతికే తంబు తండ్రి. మగతనం కూడా నేర్పిన పాత్రే, దాన్ని మోయలేక విరిగినవాళ్లు ఈ నవలల నిండా ఉన్నారు.

పరీక్ష రాసేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. "ఆఫ్రికా స్త్రీ" అని రాయకండి. లాగోస్ ఇగ్బో క్రైస్తవ ఇల్లు వేరు, డకార్ ముస్లిం ఇల్లు వేరు, జింబాబ్వే షోనా పల్లె వేరు. ప్రతి వాక్యంలో ఊరు, కాలం ఉండాలి.

తెలుగులోనే చదవాలనుకునేవాళ్లకు అచెబె నవల 'చెదిరిన సమాజం'గా ఉంది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో కమితి జైల్లో టాయిలెట్ కాగితం మీద గికుయు భాషలో రాసిన నవలను వరంగల్లులో పాఠాలు చెప్పిన వరవరరావు తానూ జైల్లో ఉండగా 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. అందులో వరింగ టైపిస్టుగా మొదలై, తన నల్లని ఒంటిని అసహ్యించుకునే దశ దాటి, ఇంజనీరింగ్ చదివి గ్యారేజీలో పనిచేస్తుంది. గూగీ మీద గౌరవం ఉంచుకునే ఒక మాట చెప్పాలి. రెండో సగంలో వరింగ మనిషిగా కంటే రచయిత ఆశయంగా నడుస్తుంది. రెండు నవలలూ చదివినవాళ్లు ఆమె గళ్లు, అదాకు గళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. అదాకు పేజీల్లో బట్టల వ్యాపారానికి పెట్టుబడి ఎక్కడిదో, అద్దె ఎట్లా కట్టిందో, కూతుళ్లను ఏ బడిలో వేసిందో దొరుకుతాయి. వరింగ పేజీల్లో ఉపన్యాసాలు ఎక్కువ, "డబ్బు" గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది.